టెక్సస్‌లో కొలాబరేటివ్ డివోర్స్: ఎవరికి కలిసొస్తుంది, ఎవరికి బెడిసికొడుతుంది

డాలస్ చుట్టుపక్కల ఫ్యామిలీ లాయర్ల వెబ్‌సైట్లు చూస్తే చాలావాటిలో కొలాబరేటివ్ డివోర్స్‌కి ఒక ప్రత్యేక పేజీ కనిపిస్తుంది. కోర్టు మెట్లెక్కకుండా, నలుగురి నోళ్లలో నానకుండా, పిల్లలు నలగకుండా విడిపోవచ్చని అందులో రాసి ఉంటుంది. సహకార విడాకులు అని తెలుగు చేద్దామంటే పాల సొసైటీ గుర్తొస్తుంది కాబట్టి, అక్కడి మనవాళ్లు అంటున్నట్టే కొలాబరేటివ్ అనే అందాం. ఆ పేజీలో రాసిన మాటలు అబద్ధం కాదు. కాకపోతే మీరు డబ్బు పెట్టి కొంటున్నది అవి కాదు. కొంటున్నది ఒకే ఒక్క షరతు: రాజీ కుదరకపోతే ఇద్దరి లాయర్లూ కేసు వదిలి వెళ్లిపోవాలి. ఈ సర్వీసు బలమంతా అందులోనే ఉంది, ప్రమాదమంతా కూడా అందులోనే.

1990లో మినియాపొలిస్‌లో స్టూవర్ట్ వెబ్ అనే ఫ్యామిలీ లాయరు కోర్టు కొట్లాటలతో విసిగిపోయి, ఇకమీదట రాజీ కోసమే పనిచేస్తానని, రాజీ చెడితే ఆ క్లయింటు తరఫున కోర్టులో నిలబడనని ప్రకటించాడు. అదే దీని పుట్టుక. దీన్ని దేశంలో మొదట చట్టంలోకి ఎక్కించిన రాష్ట్రం టెక్సస్, 2001లో. ఇప్పుడు అమల్లో ఉన్నది ఫ్యామిలీ కోడ్ 15వ అధ్యాయం, 2011లో వచ్చింది. ఇక్కడ చెప్పేదంతా టెక్సస్ లెక్క. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో కూడా చట్టాలున్నాయి గానీ వివరాలు వేరు.

ఆ షరతుకి అంత విలువ ఎందుకంటే, మామూలు విడాకుల కేసులో లాయరు ఒక చేత్తో రాజీ మాట్లాడుతూనే రెండో చేత్తో కోర్టుకి కాగితాలు సిద్ధం చేసుకుంటూ ఉంటాడు. మీరు ఈరోజు మెత్తగా ఒప్పుకున్నది రేపు మీ మీదే వాడతారేమోనన్న భయంతో ఎవరూ మనసులో మాట బయటపెట్టరు. కొలాబరేటివ్‌లో ఆ రెండో చెయ్యి కట్టేస్తారు. లాయరు ఒక్కడే కాదు, అతని ఆఫీసులోని మిగతా లాయర్లు కూడా ఆ కేసు కోర్టులో వాదించకూడదు. సమావేశాల్లో మాట్లాడిన మాటలకు చట్టరీత్యా రహస్య రక్షణ ఉంటుంది. కాగితాల సంగతి మాత్రం వేరు. బ్యాంకు స్టేట్‌మెంటు సమావేశంలో చూపించినంత మాత్రాన రహస్యం అయిపోదు, రేపు కోర్టులో మళ్లీ అడిగి తెప్పించుకోవచ్చు.

మొదట సంతకం పెట్టేది పార్టిసిపేషన్ అగ్రిమెంటు మీద. ఏ విషయాలు బల్ల మీదకి వస్తాయి, లాయర్లు ఎవరు, ఎలా ఆపొచ్చు అన్నవి అందులో ఉండాలి. ఏ పక్షమైనా, ఏ కారణమూ చెప్పకుండా, నోటీసిచ్చి ఆపేయొచ్చు. రెండోవాళ్లు ఒప్పుకోకుండా ఒకరు అదే గొడవ మీద కోర్టులో కేసు వేసినా ప్రక్రియ అక్కడితో ముగిసిపోతుంది. మన కుటుంబాలకి ఇక్కడే మెలిక. టెక్సస్‌లో మాటలు నడుస్తుండగా పుట్టింటివాళ్లో అత్తింటివాళ్లో గుంటూరులోనో కరీంనగర్‌లోనో కేసు పెట్టిస్తే? అగ్రిమెంటులో కేసు వేస్తే ముగుస్తుందన్న చోట "ఏ దేశంలోని ఏ కోర్టులోనైనా" అన్న మాట స్పష్టంగా రాయించుకోండి. లాయర్లు వాడే తయారు ఫారంలో ఆ మాట ఉందో లేదో ముందే చూసుకోవాలి.

టెక్సస్‌లో బల్ల చుట్టూ సాధారణంగా ఆరుగురు కూర్చుంటారు. మీరిద్దరు, చెరొక లాయరు, ఇద్దరికీ ఉమ్మడిగా ఒక మానసిక నిపుణుడు, ఒక ఆర్థిక నిపుణుడు. మానసిక నిపుణుడు అంటే కౌన్సెలింగ్ చేసి కాపురం నిలబెట్టే మనిషి కాదు. మాట పెరగకుండా సమావేశం నడపడం, పిల్లల ప్లాను (ఎవరి దగ్గర ఎప్పుడు ఉండాలి వగైరా) రాయించడం అతని పని. ఆర్థిక నిపుణుడు ఖాతాలన్నీ ఒక షీటులోకి తెచ్చి, ఏది ఎలా పంచితే పన్ను ఎంత పడుతుందో చూపిస్తాడు. ఈ ఇద్దరూ ఎవరి పక్షమూ కాదు.

సమావేశం మామూలుగా రెండు గంటలు. ముందు అజెండా వస్తుంది, తర్వాత మినిట్స్ వస్తాయి. మొదటి సమావేశంలో అగ్రిమెంటు చదివి, ఎవరికి ఏం కావాలో రాసుకుంటారు. "ఇల్లు నాకే" అన్నది కావలసిన దానికింద రాయనివ్వరు, "పాప స్కూలు మారకూడదు" అని రాయిస్తారు. మొదట్లో ఇది కాలయాపనలా అనిపిస్తుంది గానీ నాలుగో సమావేశంలో దీని విలువ తెలుస్తుంది. పాప స్కూలు మారకుండా ఉండటానికి ఇల్లే అక్కర్లేదు, అదే స్కూల్ జోన్‌లో అద్దె అపార్ట్‌మెంటు చాలు. తర్వాత లెక్కల సేకరణ, ఆపైన మార్గాలు రాయడం, వాటిని బేరీజు వేయడం, చివరికి ఒప్పందం. ఒప్పందం మీద ఇద్దరూ, ఇద్దరి లాయర్లూ సంతకం చేసి, అది వెనక్కి తీసుకోవడానికి వీల్లేనిదని లావు అక్షరాల్లోనో, పెద్ద అక్షరాల్లోనో, కింద గీత గీసో రాస్తే, దాని ప్రకారం తీర్పు పొందే హక్కు వస్తుంది. ఆ ఒక్క వాక్యం చాలా బరువైనది. రేపు నాన్నగారు ఫోన్ చేసి "ఎందుకొప్పుకున్నావ్" అన్నా ఇక చేసేదేమీ ఉండదు.

కోర్టులో పిటిషన్ ఎటూ వేయాలి. అందుకు ఇద్దరిలో ఒకరు టెక్సస్‌లో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక 60 రోజులు ఆగాలి. కొలాబరేటివ్ నడుస్తోందని కోర్టుకి సకాలంలో తెలియజేస్తే విచారణలు, గడువులు ఆపి ఉంచుతారు. మధ్యమధ్యలో స్థితి నివేదికలు ఇవ్వాలి. రెండేళ్లయినా తేలకపోతే కోర్టు విచారణకు పెట్టొచ్చు, లేదా కొట్టేయొచ్చు.

ఇప్పుడు ఖర్చు. ఫ్లాట్ ఫీజు (మొత్తం పనికి ఒకే ఫీజు) అని ఎవరైనా అంటే అందులో ఏవేవి కలుస్తాయో కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే ఇది ఎక్కువగా గంటల లెక్కన నడిచే వ్యాపారం. లెక్క కోసం లాయరుకి గంటకి 400 డాలర్లు, ఉమ్మడి నిపుణులకి 250 చొప్పున అనుకుందాం. నలుగురి మీటర్లూ ఒకేసారి తిరుగుతాయి: గంటకి 1,300. రెండు గంటల సమావేశం 2,600. నలుగురూ సమావేశానికి ముందు ఒక అరగంట, తర్వాత ఒక అరగంట మాట్లాడుకుంటే ఇంకో 1,300. అంటే ఒక్కో సమావేశం 3,900. ఆరు సమావేశాలకి 23,400. డిక్రీ రాత, రిటైర్‌మెంట్ ఖాతాల ఆర్డర్లు, ఇంటి విలువ కట్టించడం ఇవన్నీ విడిగా. చూడటానికి భారీగా ఉంది, నిజంగానే భారీ. తగ్గించే దారి ఒకటుంది. పిల్లల ప్లాను మొత్తం మానసిక నిపుణుడితో మీరిద్దరే కూర్చుని రాయండి, లాయర్లు రాతప్రతి మాత్రం చూస్తారు. అదే రెండు గంటలు అప్పుడు 500. ఆర్థిక నిపుణుడితో కూడా అంతే. సమావేశానికి స్టేట్‌మెంట్లు తేకుండా వచ్చేవాళ్లే ఈ బిల్లు పెంచేవాళ్లు. నలుగురు నిపుణులు కూర్చుని ఒక మనిషి ఫోన్లో పాస్‌వర్డ్ వెతుక్కోవడం చూడటానికి గంటకి 1,300 దండగ.

హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చేది) మీద ఉండి ఉద్యోగం లేని భార్యకి రిటైనర్, అంటే లాయరు అడ్వాన్సు ఫీజు, ఎవరు కట్టాలన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. టెక్సస్‌లో పెళ్లయ్యాక వచ్చిన జీతం ఇద్దరిదీ కాబట్టి ఇద్దరి లాయర్లకీ జాయింట్ ఖాతాలోంచే ఇవ్వాలని అగ్రిమెంటులో రాయించండి. భర్త దీనికి ఒప్పుకోకపోతే, అతని లాయరు అతన్ని ఒప్పించలేకపోతే, ముందు జరగబోయేదేమిటో మీకు అక్కడే అర్థమైపోవాలి.

ఇంత డబ్బు పెట్టినందుకు ఏం వస్తుంది? మూడు చోట్ల ఈ సర్వీసు నిజంగా డబ్బుకి తగ్గ పని చేస్తుంది.

మొదటిది తేదీ. డిక్రీ వచ్చిన రోజుతో హెచ్-4 హోదా పోతుంది. ఉద్యోగం పోయినవాళ్లకి ఇచ్చే 60 రోజుల గడువు లాంటిది విడాకులకి లేదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 భర్త కేసు వెంట నడుస్తుంటే, భార్యది మంజూరు కాకముందే డిక్రీ వస్తే ఆమె అర్హత పోతుంది. ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డ మనవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. జడ్జి తన క్యాలెండరు ప్రకారం డిక్రీ ఇస్తాడు, మీ వీసా బులెటిన్ (గ్రీన్‌కార్డు వరుస తేదీల ప్రకటన) ప్రకారం కాదు. కొలాబరేటివ్‌లో తేదీ మీ చేతుల్లో ఉంటుంది. ఎఫ్-1 విద్యార్థి హోదాకి మార్చుకునే దరఖాస్తు హోదా ఉండగానే వేసి, ఆ తర్వాత డిక్రీ తెచ్చుకోవచ్చు. డిసెంబరు 31న పెళ్లి చట్టరీత్యా ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఆ ఏడాది పన్ను దాఖలు తీరు మారుతుంది కాబట్టి, డిక్రీ డిసెంబరు చివర్లోనా జనవరి మొదట్లోనా అన్నది కూడా లెక్కేసుకోవచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయరుకి ఒక గంట ఫీజు విడిగా కట్టి ఈ క్రమం రాయించుకోండి. ఫ్యామిలీ లాయర్లకి ఇది వాళ్ల విద్య కాదు, బల్ల మీద ఎవరో ఒకరు "వీసా తర్వాత చూసుకోవచ్చు" అంటారు. అలా వదిలేయొద్దు.

రెండోది, జడ్జి ఇవ్వలేనివి ఇచ్చుకోవడం. టెక్సస్ కోర్టు భార్యకో భర్తకో భరణం ఇవ్వడంలో చాలా పిసినారి. హింస, వైకల్యం లాంటి కారణాలు లేకపోతే పదేళ్ల కాపురం ఉండాలి, పైగా కనీస అవసరాలకి సరిపడా సంపాదించలేని స్థితి ఉండాలి. ఇచ్చినా నెలకి 5,000 డాలర్లు లేదా స్థూల ఆదాయంలో 20 శాతం, ఏది తక్కువైతే అదే గరిష్ఠం. ఏడేళ్ల కాపురం, హెచ్-4, బీటెక్ చదివి ఇంట్లో ఉన్న మనిషి అయితే కోర్టుకెళ్లినా భరణం దాదాపు సున్నా. ఒప్పందంలో మాత్రం రెండేళ్ల మాస్టర్స్ ఫీజు, ఆ రెండేళ్ల అద్దె, ఆరోగ్య బీమా ప్రీమియం రాసుకోవచ్చు. కోబ్రా (కంపెనీ ఆరోగ్య బీమా కొనసాగించుకోనిచ్చే చట్టం) కింద విడాకులు తీసుకున్న జీవిత భాగస్వామి 36 నెలల వరకు బీమా కొనసాగించుకోవచ్చు, 60 రోజుల్లో ప్లానుకి తెలియజేయాలి. పిల్లల కాలేజీ ఖర్చు కూడా అంతే. కోర్టు ఇచ్చే పిల్లల పోషణ 18 ఏళ్లకో, హైస్కూలు అయ్యేవరకో, ఏది తర్వాతైతే అంతవరకే. మార్గదర్శక లెక్క ఒక బిడ్డకి నికర వనరుల్లో (పన్నులు వగైరా పోగా మిగిలే ఆదాయంలో) 20 శాతం, ఇద్దరికి 25. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ లెక్కకి తీసుకునే నికర వనరులు నెలకి 11,700 డాలర్ల వరకే, అంటే ఇద్దరు పిల్లలకి 2,925. ఎంత పెద్ద జీతమైనా మామూలుగా ఆ అంకె దగ్గరే ఆగుతుంది. కాలేజీ మాట కోర్టు ఎత్తనే ఎత్తదు, ఒప్పందంలో రాసుకుంటేనే ఉంటుంది.

మూడోది, మనకి అసలైన చిక్కుముడి: ఇండియా ఆస్తులు. టెక్సస్ జడ్జి "షాద్‌నగర్ ప్లాటు భార్యకి" అని రాసినంత మాత్రాన అక్కడి సబ్-రిజిస్ట్రార్ ఆ కాగితం చూసి పేరు మార్చడు. ఇష్టంతో సంతకం పెట్టే మనిషి కావాలి. గెలిచి తెచ్చుకున్న తీర్పు కంటే కుదుర్చుకున్న ఒప్పందానికి ఇక్కడ ఎక్కువ విలువ ఉండటానికి కారణం ఇదే. ఒప్పందంలో ఏం రాయాలంటే: సర్వే నంబరు, డాక్యుమెంటు నంబరు, ఏ రకం దస్తావేజు, స్టాంపు డ్యూటీ ఎవరిది, ఏ తేదీలోపు, ఆలస్యమైతే ఏం కట్టాలి. ఇక్కడి ఆర్థిక నిపుణుడికి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అంటే ఏమిటో తెలిసి ఉండకపోవచ్చు. ఈసీ మీరే తెప్పించండి. ప్రభుత్వ విలువకీ బయటి రేటుకీ మధ్య తేడా మీదే సగం గొడవ నడుస్తుంది కాబట్టి, ఇద్దరూ ఒప్పుకున్న ఒకే వాల్యుయర్‌తో హైదరాబాదులో విలువ కట్టించి, రూపాయి మారకం ఏ రోజుదో ముందే రాసుకోండి. మారకం తేదీ రాయకపోతే ఆరు నెలల తర్వాత ఆ ఒక్క ముక్క కోసం మళ్లీ నలుగురి మీటర్లు తిరుగుతాయి.

మీ డబ్బుతో కొని మామగారి పేరు మీదో నాన్నగారి పేరు మీదో పెట్టిన స్థలం ఇంకా తలనొప్పి. వాళ్లు ఈ అగ్రిమెంటులో లేరు, వాళ్లని ఏదీ బంధించదు. పంపిన డబ్బు రికార్డు చూపించి, ఆ విలువని అమెరికాలోని 401(కె) రిటైర్‌మెంట్ ఖాతాలోనో ఇంటి వాటాలోనో సర్దుకోవడమే పనిచేసే దారి. బంగారం సంగతి తేలిక. పెళ్లిలో పెట్టింది కానుక కింద ఎవరికి పెట్టారో వాళ్ల సొంతం. గ్రాముల్లో తూకం, ఫొటో, ఏ లాకర్‌లో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది అని జాబితా రాసుకుంటే చాలు. లాకర్ సికింద్రాబాదులో అత్తగారి పేరు మీద ఉంటే తేలిక కాదు, అప్పుడది కూడా గడువు తేదీతో ఒప్పందంలోకి ఎక్కాలి.

ఇండియాలో ఈ డిక్రీ చెల్లుతుందా? ఈ ప్రశ్నకి జవాబిచ్చిన ప్రధాన కేసు మన తెలుగువాళ్లదే, వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి. 1975లో తిరుపతిలో పెళ్లి, తర్వాత భర్త మిస్సోరీలో తెచ్చుకున్న విడాకులు. 1991లో సుప్రీంకోర్టు ఆ విడాకులని గుర్తించలేదు. విదేశీ కోర్టు పరిధీ విడాకుల కారణమూ రెండూ దంపతుల పెళ్లి చట్టానికి తగ్గట్టు ఉండాలంది. మినహాయింపులూ చెప్పింది. అందులో ఒకటి, రెండో పక్షం ఆ విదేశీ కోర్టు ఇచ్చే ఉపశమనానికి తానే సమ్మతించడం. ఒక పక్షం రానేరాని ఎక్స్‌పార్టీ డిక్రీకీ, ఇద్దరూ లాయర్లతో కూర్చుని సంతకం పెట్టిన కొలాబరేటివ్ డిక్రీకీ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఇద్దరూ ఆ కోర్టు పరిధికి, విడాకులకి సమ్మతిస్తున్నారని డిక్రీలోనే రాయించండి. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) వేయించండి. తర్వాత ఇండియాలో మళ్లీ పెళ్లి చేసుకునే ఆలోచన ఉంటే అక్కడి లాయరుని కూడా ఒకసారి అడగాలి. కొందరు హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకారంతో అక్కడ కూడా వేసుకుంటారు. అందులోని ఆరు నెలల నిరీక్షణ తప్పనిసరి కాదని, పరిస్థితిని బట్టి మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది.

అక్కడ క్రిమినల్ కేసు ఇప్పటికే నడుస్తుంటే, టెక్సస్ ఒప్పందంతో అది దానంతటదే పోదు. హైకోర్టులో కొట్టివేయించుకోవాలి, అందుకు ఫిర్యాదు చేసినవాళ్లు సహకరించాలి. ఏ మెట్టు ముందు, డబ్బు ఏ మెట్టు దగ్గర చేతులు మారాలి అన్నది రాయకపోతే ఒప్పందం అక్కడే కూలుతుంది.

ఇక ఎవరు దీని జోలికి పోకూడదో చెప్పాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

భయం ఉన్నచోట వద్దు. చట్టమే లాయరుకి బాధ్యత పెట్టింది, అగ్రిమెంటు ముందే ఇంట్లో హింస చరిత్ర ఉందా అని వాకబు చేయాలని. కొట్టడం ఒక్కటే హింస కాదు. పాస్‌పోర్టు దాచేయడం, ఫోన్‌లో ట్రాకింగ్, ఖర్చుకి రూపాయి రూపాయి లెక్క అడగడం ఉన్నాయా? అలాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే సమావేశంలో నోరు పెగలదు, ఒప్పుకోవడమే జరుగుతుంది. నేరుగా కోర్టుకి వెళ్లి రక్షణ ఉత్తర్వు అడగండి. పిల్లల్ని ఇండియా తీసుకెళ్లిపోతారన్న అనుమానం గట్టిగా ఉన్నా అంతే. పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. బిడ్డ విమానం ఎక్కాక టెక్సస్ కాగితంతో వెనక్కి తేవడం మహా కష్టం. అనుమానం కొద్దిపాటిదే అయితే పాస్‌పోర్టులు ఎవరి దగ్గర, రానుపోను టికెట్ ఎన్ని రోజుల ముందు చూపాలి, ఓసీఐ కార్డు ఎవరి దగ్గర ఉండాలి అన్నది ప్లానులో రాసుకోవచ్చు.

డబ్బు దాచే మనిషితో వద్దు. ఇక్కడ సబ్పీనా (కాగితాలు తెమ్మనే కోర్టు ఆదేశం) లేదు, డిపాజిషన్ (ప్రమాణం చేయించి ప్రశ్నించడం) లేదు. అడిగితే పూర్తిగా, దాపరికం లేకుండా చూపాలని చట్టం అంటుంది. అంటే మీరు అడగాలి, వాళ్లు నిజం చెప్పాలి. అడగడం తెలియకపోతే చూపించరు. లాయరుకి రూపాయి కట్టకముందే చేయగల పరీక్ష ఒకటుంది. ఒక వారం గడువిచ్చి మూడు అడగండి: గత మూడేళ్ల పన్ను రిటర్నులు, ఇండియావి కూడా కలిపి అన్ని ఖాతాల జాబితా, ఆఖరి పే స్టబ్‌తో పాటు కంపెనీ షేర్ల వెస్టింగ్ స్టేట్‌మెంటు (ఎప్పుడెన్ని షేర్లు చేతికొస్తాయో చూపేది). మూడూ వస్తే ముందుకెళ్లొచ్చు. "నీకెందుకవన్నీ" అని వస్తే, నలుగురు నిపుణుల ముందు కూడా వచ్చేది అదే జవాబు. రిటర్నుల్లో ఇండియాలోని ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ కనపడకుండా పాస్‌బుక్ మాత్రం ఉంటే కాస్త ఆగండి. విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) దాఖలు చేయాలి, జాయింట్ రిటర్ను మీద సంతకం మీది కూడా. అది బల్ల మీద పెట్టకముందు మీ సొంత టాక్స్ లాయరుతో మాట్లాడండి.

పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేనివాళ్లకి కూడా ఇది అనవసరం. పిల్లలు లేరు, అద్దిల్లు, రెండు కార్లు, చెరొక 401(కె). ఒక మీడియేటర్‌తో (మధ్యవర్తితో) ఒక రోజు కూర్చుంటే తేలిపోతుంది, కుదరకపోయినా ఎవరి లాయర్లు వాళ్లతోనే ఉంటారు. మీడియేషన్ తక్కువ రకం కొలాబరేటివ్ కాదు, వేరే పనిముట్టు. ఒక్క రోజులో కుదిరే గొడవలకి అదే మెరుగు. వరసగా నెలలపాటు ఒక్కో ముడి విప్పాల్సిన కేసులకే కొలాబరేటివ్.

చెడిపోయే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. రెండు మూడు సమావేశాలు సాఫీగా సాగుతాయి. అంకెలు బయటపడ్డాక రాత్రి ఇండియాకి వీడియో కాల్ వెళుతుంది. పొద్దున్నే లాయరుకి "నిన్న ఒప్పుకున్నది కుదరదు" అని ఈమెయిల్ వస్తుంది. మన పెద్దమనుషుల పంచాయితీకీ దీనికీ తేడా ఇదే. అక్కడ తీర్పు చెప్పేవాళ్లూ కుటుంబమే, ఇక్కడ గదిలో ఉన్న ఇద్దరిదే నిర్ణయం. అమ్మానాన్నల్ని దూరం పెట్టమని కాదు. వాళ్ల మాట ముఖ్యమైతే సమావేశానికి ముందే మాట్లాడుకుని, హద్దులు తెలుసుకుని గదిలోకి వెళ్లండి. తర్వాత తిరగదోడితే, రెండోవాళ్లు విసిగి నోటీసిస్తారు. అప్పుడు కొత్త లాయరు, కొత్త రిటైనర్, కేసు మొదటినుంచి చదవడానికి గంటలు. ఉమ్మడి నిపుణులు సాక్ష్యం చెప్పరు కాబట్టి వాళ్ల రిపోర్టులకి పెట్టిన ఖర్చు కూడా చాలావరకు నీళ్లపాలే. పైన వేసిన లెక్కలో నాలుగో సమావేశం దగ్గర ఆగితే 15,600 డాలర్లు పోయాక మళ్లీ మొదలు. పాత లాయరు చేయగలిగింది, కొత్త లాయరు వెంటనే దొరకనప్పుడు ప్రాణభద్రత లాంటి అత్యవసర ఉత్తర్వు అడగడం మాత్రమే.

లాయరుని ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ కంటే ఈ ప్రశ్నల జవాబులు చూడండి. గత రెండేళ్లలో ఎన్ని కొలాబరేటివ్ కేసులు ముగించారు, ఎన్ని మధ్యలో ఆగాయి, ఎందుకు? ఎదుటి లాయరుతో ఇంతకుముందు పనిచేశారా? వీసా కేసులున్న దంపతులకి చేశారా? ఇండియా ఆస్తి ఒప్పందంలో ఎలా రాస్తారో పాత నమూనా ఒకటి, పేర్లు తీసేసి, చూపగలరా? "ఒక్కటీ ఆగలేదు" అనేవాళ్ల దగ్గర కొంచెం జాగ్రత్త. కొలాబరేటివ్ డివోర్స్ టెక్సస్ అనే సంస్థ సభ్యుల జాబితా ఇస్తుంది, వెతకడానికి పనికొస్తుంది. ఇద్దరిలో ఒకరికి ఇంగ్లీషులో లీగల్ మాటలు పట్టుబడకపోతే బయటి తెలుగు దుబాసీని పెట్టించుకోండి. బావమరిదినో స్నేహితుడినో కాదు. అర్థం కాకుండా తలూపిన సంతకం కూడా సంతకమే.

ఒప్పందం అయ్యాక లాయర్ల ఉత్సాహం తగ్గిపోతుంది, పనులు మాత్రం మిగిలి ఉంటాయి. 401(కె) పంపకానికి డిక్రీ చాలదు, క్వాడ్రో అనే విడి ఆర్డరు ప్లాను నిర్వాహకుడికి చేరి ఆమోదం పొందాలి. అది డిక్రీతో పాటే సంతకం చేయించుకోండి. క్వాడ్రో కింద నేరుగా 401(కె)లోంచి డబ్బు తీసుకుంటే వయసు తక్కువైనా 10 శాతం జరిమానా ఉండదు, పన్ను ఉంటుంది. అదే డబ్బు ముందు ఐఆర్ఏ (వ్యక్తిగత రిటైర్‌మెంట్ ఖాతా)లోకి మార్చి తీస్తే ఆ మినహాయింపు పోతుంది. ఇల్లు ఒకరికి ఇచ్చినా, లోను మీద ఇద్దరి పేర్లూ ఉంటే బ్యాంకుకి డిక్రీతో సంబంధం లేదు. ఎన్ని రోజుల్లో రీఫైనాన్స్ చేయాలో, చేయలేకపోతే ఇల్లు అమ్మాలా అన్నదీ ముందే రాసి ఉండాలి. హైదరాబాదు ప్లాటుకి హ్యూస్టన్ కాన్సులేట్ దారిన పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తే, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి. ఆ కవరు అందుకునే మనిషి ఎవరో, అతనికి ఈ గడువు సంగతి తెలుసో లేదో పంపకముందే ఫోన్ చేసి కనుక్కోండి.